మీటరాయన పెట్టె

మా అక్క నాకంటే పదకొండు రోజులు పెద్ద. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. నాకంటే ముందొచ్చి ఆ పదకొండు రోజుల్లో ఈ లోకంలో అది ఏం వెలగబెట్టిందో తెలియదు కానీ, ఆ పుణ్యానికి నాకు మాటలొచ్చినప్పటినుంచీ దాన్ని అక్కా అని పిలవాల్సి వస్తోంది. ఇంట్లో అందరూ దాన్ని బంగారం అంటారు. నన్ను ఏమే అంటారు. "ఏమే, బంగారాన్ని చూసి నేర్చుకో" అనే ఒక్క వాక్యంలో మా ఇద్దరి చరిత్రా ఇమిడిపోతుంది.

నాకు దానిమీద అసూయ. దాచుకోవడం నాకు చేతకాదు. కొందరికి దుమ్ము పడదు, కొందరికి ఎండ పడదు, నాకు అక్క పడదు. అది మంచిది కావడం ఇంకా కష్టం. చెడ్డదైతే నాలుగు తిట్లు తిట్టుకుని హాయిగా నిద్రపోయేదాన్ని.

ఇద్దరం ఒకే కాలేజీలో చేరాం. అక్కడ ఇంజనీరింగూ లేదు, డాక్టరీ లేదు. మొదటి రెండేళ్ళు అందరూ అన్నీ చదవాలి. లెక్కలు, బొమ్మలు, తర్కం, మొక్కల శాస్త్రం, ఏదీ వదలరు. మూడో ఏడు మొదలయ్యేసరికి ఎవరికి వాళ్ళు ఒక్కదాన్ని గట్టిగా పట్టుకోవాలి. నేను చరిత్ర పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి అక్కని అడక్కుండా తీసుకున్న నిర్ణయం అది. నెల తిరక్కుండానే అక్క వచ్చి "నేనూ చరిత్రే తీసుకున్నానే, ఇద్దరం కలిసి చదువుకుందాం" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సరే అన్నాను.

మా మామయ్యకి టైల్స్ కొట్టు ఉంది. నేను చరిత్ర అనగానే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చచ్చినవాళ్ళ గురించి చదివి బతికున్నవాళ్ళు ఏం చేస్తారే?"

"ఏదో ఒకటి చేస్తాను మామయ్యా."

"ఏదో ఒకటి దొరక్కపోతే మన కొట్టులో కౌంటరు ఖాళీగానే ఉంటుంది. బాత్రూం టైల్స్‌కి కూడా చరిత్ర ఉంటుందిలే."

అందరూ నవ్వారు. అక్కని మాత్రం ఎవరూ కొట్టులో కూర్చోమనలేదు. అది చరిత్ర చదివితే చదువు, నేను చదివితే కాలక్షేపం.

మా చరిత్ర విభాగంలో ఒక పద్ధతి ఉంది. కాలేజీ కింది అంతస్తులో రికార్డు గది. చెమ్మ లాగే యంత్రం ఎప్పుడూ గుయ్‌మంటూ ఉంటుంది. ఇనప అరల్లో అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో మామూలు మనిషి తాలూకు కాగితాలు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేయలేక ఎవరెవరో తెచ్చిచ్చినవి. మూడో ఏడు మొదటి రోజున చీటీలు తీస్తారు. చీటీలో ఏ నంబరు వస్తే ఆ పెట్టె నీది. రెండేళ్ళపాటు దానితోనే కాపురం. చివరికి ఆ మనిషి జీవితం రాసి అందరిముందూ చదవాలి. పెట్టె మార్చుకోవడం కుదరదు. ఇంకో నియమం కూడా ఉంది. రాయడం పూర్తయ్యేదాకా ఆ మనిషి బంధువులని కలవకూడదు. "ముందు కాగితం, తర్వాత మనిషి" అంటారు మా మాస్టారు. మనుషులు ప్రేమతో అబద్ధాలు చెప్తారట, కాగితాలకి ఆ జబ్బు లేదట.

ఎవరి రాత బాగుంటే వాళ్ళకి చదువైపోగానే రికార్డు గదిలో సహాయకురాలి ఉద్యోగం ఇస్తారు. ఏటా ఒక్కటే. అది వస్తే నేను చరిత్రలో ఉంటాను, రాకపోతే టైల్స్ కొట్టులో ఉంటాను. నా లెక్క అంత సూటిగా ఉండేది.

చీటీలు తీశాం. అక్కకి తొమ్మిదో నంబరు వచ్చింది. ఓడలో నర్సుగా పనిచేసిన ఒకావిడ పెట్టె అది. మూత తీయగానే రిబ్బన్లు కట్టిన ఉత్తరాలు, రెండు వందల పైమాటే. ఫొటోలు. ఎండిన పువ్వు. పెళ్ళి చేసుకోమని ముగ్గురు వేర్వేరు మనుషులు రాసిన మూడు జాబులు. ముగ్గురికీ ఆవిడ ఒకే రకంగా కాదని రాసుకున్న చిత్తుప్రతి. రికార్డు గది చూసుకునే ఆవిడ కూడా కుర్చీ జరుపుకుని వచ్చి చూసింది.

నాకు పద్నాలుగు వచ్చింది. అందులో ఒక కళ్ళజోడు, ఇంటి ముందు మీటరు గుంట మూత ఎత్తే ఇనప కొక్కెం, నీటి సరఫరా శాఖలో మీటరు రీడరుగా పదవీ విరమణ చేశాడన్న పత్రం, రెక్సిన్ అట్టల పాకెట్ పుస్తకాలు ఏడు ఉన్నాయి. పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు. నెలకో వరస. తేదీ, మీటరు అంకె, పోయిన నెలకీ ఈ నెలకీ తేడా. ఇరవై ఆరేళ్ళు, మూడు వందల పన్నెండు వరసలు. అక్కడక్కడ తేడా అంకె కింద గీత.

"పాపం" అంది అక్క నా భుజం మీదుగా చూసి. ఆ ఒక్క మాట నాకు రెండేళ్ళకి సరిపడా మంట పెట్టింది.

మొదటి ఆరు నెలలూ నేను మీటరాయన మీద పని చేయలేదు, అక్క మీద పని చేశాను. చదువుకునే గదిలో దానికి ఎదురుగా కూర్చుని, అది ఏ ఉత్తరం దగ్గర నవ్వుతుందో, ఏ ఉత్తరం దగ్గర పెన్సిల్ ఆపుతుందో చూసేదాన్ని. శనివారం శనివారం క్యాంటీన్‌లో "ఎన్ని పేజీలయ్యాయక్కా?" అని అడిగేదాన్ని. పన్నెండనేది, పంతొమ్మిదనేది, ముప్పై ఒకటనేది. నవ్వుతూ "నీవెన్ని?" అనేది. నావి రెండు. అందులో ఒకటి శీర్షిక.

ఆ తర్వాత ఒకరోజు, చేసేదేమీ లేక, ఆ తేడా అంకెలన్నీ వరసగా గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. చుక్కలు కలిపితే మెట్లు వచ్చాయి. మూడో ఏట నీటి వాడకం ఉన్నట్టుండి పెరిగింది. పెరిగింది పెరిగినట్టే ఉండిపోయింది. ఐదో ఏట మళ్ళీ. ఎనిమిదో ఏట, పదో ఏట మళ్ళీ మళ్ళీ. ఇంట్లో నీళ్ళు ఒక్కసారిగా పెరిగి తగ్గకపోవడానికి కారణం ఏముంటుంది? గుడ్డలు ఉతకాలి. పసిపిల్లల గుడ్డలు. మీటరాయనకి నలుగురు పిల్లలు!

ఇక ఆగలేదు. ఇరవై ఒకటో ఏట వాడకం ఒక మెట్టు దిగింది, పెద్ద పిల్ల ఇల్లు వదిలి వెళ్ళిందని రాశాను. ఒక నెల సున్నా ఉంది, సకుటుంబంగా ఊరెళ్ళారని రాశాను. పదమూడో ఏట ఒక్క నెల మాత్రం అంకె ఆకాశానికి లేచింది, దాని పక్కన, ఇరవై ఆరేళ్ళలో ఒకే ఒక్క మాటగా "అబ్బో" అని ఉంది. ఇంటినిండా చుట్టాలు దిగి నెలంతా కదల్లేదని రాశాను. నీళ్ళ లెక్కలోంచి ఒక సంసారం లేచి నిలబడింది. యాభై పేజీలు ఎలా అయ్యాయో తెలియదు.

మాస్టారు చదివారు. తర్వాత తరగతిలో అందరిముందూ "ఒక్క వాక్యం లేని పెట్టెలోంచి ఈ అమ్మాయి ఒక ఇల్లు కట్టింది" అన్నారు. నేను మాస్టారిని చూడలేదు, అక్కని చూశాను. దాని మొహం పాలిపోయింది. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు తలచుకున్నా నోరూరుతుంది. అన్నేళ్ళ ఏమే పిలుపుకి ఒక్క దెబ్బతో బదులు తీరింది. ఆ రాత్రి పెద్దమ్మ ఫోన్ చేసి "బంగారం సరిగ్గా తినట్లేదే, కొంచెం చూడు" అంటే, మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను నేను.

చదివే రోజు రెండు వారాలుందనగా పద్ధతి ప్రకారం పెట్టె ఇచ్చినవాళ్ళని పిలిచారు. నా పెట్టె ఇచ్చింది డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. టైపిస్టుగా పనిచేసి రిటైరైందట. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని రికార్డు గదిలో నిటారుగా కూర్చుంది. నేను నా యాభై పేజీలూ గర్వంగా ముందు పెట్టి, మీటరాయన నలుగురు పిల్లల గురించి మొదలుపెట్టాను. అక్క పక్క బల్ల దగ్గరే ఉంది. వినాలనే గొంతు పెంచాను.

ఆవిడ రెండు పేజీలు చదివి కళ్ళజోడు సర్దుకుంది.

"అమ్మాయ్, మా బాబాయికి పిల్లలెక్కడున్నారు? ఆయన పెళ్ళే చేసుకోలేదు."

నేను గ్రాఫు కాగితం ఆవిడ ముందుకి తోశాను.

"ఆయన ఉన్నది ఒక్క గది. మేడ మీద. ఆరుగురికి కలిపి ఒకటే కుళాయి. మీటరు కూడా లేదు."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది నా చదువు. ఒక మనిషి పెట్టెలో దొరికింది కాబట్టి అది ఆ మనిషి ఇంటి లెక్కే అనుకున్నాను. చరిత్ర చదివేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇంత శ్రద్ధగా ఇలాంటి తప్పు చేయలేరు. పక్క బల్ల దగ్గర కుర్చీ కదిలిన చప్పుడైంది. అటు చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆవిడ పేజీలు తిప్పుతూనే ఉంది. ఉన్నట్టుండి వేలు ఒకచోట ఆగింది.

"ఇది నేను పుట్టిన ఏడు. ఇది మా చెల్లెలు పుట్టిన ఏడు. ఇదిగో మా తమ్ముళ్ళు. ఈ సున్నా నెల... మా అమ్మమ్మ పోతే అందరం వెళ్ళాం. పుట్టుకలన్నీ సరిగ్గానే పట్టావమ్మా. కానీ ఇది మా ఇల్లు. మా నాన్న ఇల్లు."

మీటరాయన ఆవిడ తండ్రికి తమ్ముడు. మొదట్లో ఆ వీధి ఆయన పరిధిలోనే ఉండేదట. మూడేళ్ళకి ఊరి అవతలి వైపుకి మార్చారు. అయినా ఆయన రావడం మానలేదు. నెలనెలా వచ్చి, గేటు పక్కన వంగి, కొక్కెంతో మూత ఎత్తి, చూసి, రాసుకుని వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మంటే పనుందనేవాడు.

"ఏ రోజు వచ్చేవారండీ?" అని అడిగాను.

"మొదటి ఆదివారం. వారమంతా డ్యూటీ కదా పాపం."

తేదీకి వారం సరిచూసుకోమన్నది మాకు చెప్పిన మొదటి పాఠం. మూడు వందల పన్నెండు తేదీల్లో ఒక్కదానికీ నేను వారం చూడలేదు. ఇప్పుడు చూశాను. అన్నీ ఆదివారాలే, ఆ వీధి ఆయన పరిధిలో ఉన్న మూడేళ్ళతో సహా. ఆఫీసు పని కాదది.

ఆవిడ కళ్ళలో నీళ్ళు నింపుకుంది. "మా ఇంట్లో ఎప్పుడు ఎవరు పుట్టారో, ఎప్పుడు ఎవరు వెళ్ళారో అన్నీ చూసుకుంటూనే ఉన్నాడు చూశావా. పైకి చెప్పుకోలేని మనిషి. ఎంత ప్రేమ!"

ఆవిడ వెళ్ళిపోయాక పుస్తకాలు మళ్ళీ తెరిచాను. గీతలు ఎక్కడున్నాయో చూశాను. వాడకం పెరిగిన నెలల్లోనే ఉన్నాయి. తగ్గిన నెలల్లో ఒక్క గీత లేదు. ఇక "అబ్బో" సంగతి. అన్న ఇంటి నీళ్ళని చూసి ప్రేమతో అబ్బో అనేవాడెవడు? అసూయంటే ఏమిటో నేర్చుకోవడానికి నాకు పుస్తకాలక్కర్లేదు. నా నోట్సు పుస్తకం వెనక్కి తిప్పాను. ఒక్కో శనివారం, తేదీ వేసి, అక్క చెప్పిన పేజీలు. పక్కన పోయిన వారానికీ ఈ వారానికీ తేడా. బాగా పెరిగిన చోట కింద గీత. అదే వరస, అవే మూడు గళ్ళు. ఆ పద్ధతి నాకు నేనుగా పెట్టుకున్నానా, ఆ ఏడు పుస్తకాలు చూసి అలవాటైందా, ఇప్పటికీ చెప్పలేను. మీటరాయన నాకు తాతయ్య వరసవుతాడనిపించింది.

అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"అంతా పోలేదే. ప్రేమ అని రాయి. తమ్ముడు దూరం నుంచి అన్న సంసారాన్ని చూసుకున్నాడని రాయి. మెట్లన్నీ అలాగే పనికొస్తాయి. ఆవిడొచ్చి ముందు వరసలో కూర్చుని ఏడుస్తుంది. ఉద్యోగం నీకే ఇస్తారు."

నిజమే చెప్పింది. రెండు రోజుల పని. అందరూ కళ్ళు తుడుచుకునేవారు. కానీ అక్క చెప్పింది కదా! అక్క చెప్పినట్టు రాసి గెలిస్తే, అది అక్క గెలిచినట్టే అవుతుంది. జీవితాంతం పెద్దమ్మ "మా బంగారమే దారి చూపించింది" అంటుంది. నిజం కోసం నిలబడ్డానని గొప్పలు చెప్పుకోవచ్చు కానీ, అసలు సంగతి ఇది. అసూయ కొద్దీ అసూయ అని రాశాను.

చదివే రోజు మామయ్య కూడా వచ్చాడు, కొట్టు మూసి. అక్క ముందు చదివింది. నూట ముప్పై పేజీల దాకా రాసి నలభై ఎనిమిదికి కుదించానని చెప్పింది. ఆ కుదింపు చూసి కూడా కుళ్ళుకున్నాను. ఓడ నర్సు మూడో మనిషికి కాదని రాసిన ఉత్తరం చదువుతుంటే వెనక వరసలవాళ్ళు లేచి నిలబడి విన్నారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

తర్వాత నేను. ఒక మీటరాయన ఇరవై ఆరేళ్ళు, ఆదివారపు సెలవు మానుకుని, అన్న ఎంత నీళ్ళు వాడుతున్నాడో లెక్క రాసుకున్నాడని చదివాను. పిల్లలు పుట్టినప్పుడల్లా గీత గీసుకున్నాడని చదివాను. ఆ గేటు లోపలికి ఒక్కసారి కూడా ఎందుకు వెళ్ళలేదో చదివాను. ఇది అసూయ అని నాకెలా తెలుసో చెప్పడానికి నా నోట్సు వెనక పేజీలు పైకెత్తి చూపించాను. "ఇవి మా అక్క పేజీల లెక్కలు" అన్నాను. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క కదలకుండా కూర్చుంది.

నేను కూర్చోగానే ముందు వరసలో పెద్దావిడ లేచి నిలబడింది. అందరూ భయపడ్డారు. నేనైతే చెంపదెబ్బకి సిద్ధమైపోయాను.

"ఆ అబ్బో నెల," అంది ఆవిడ. "చుట్టాలొచ్చారని ముందు రాశావు. ఎవరూ రాలేదమ్మా. ఇప్పుడు గుర్తొచ్చింది. మా నాన్నకి తెలుసు మొదటి ఆదివారం తమ్ముడొస్తాడని. శుక్రవారం నుంచే తోట పైపు తిప్పి వదిలేసేవాడు. నీళ్ళు రోడ్డు మీదికి పారేవి. మా అమ్మ నెత్తి కొట్టుకునేది. 'చూడనీ వాడు, మనమెంత వాడతామో' అనేవాడు. ఆ నెల నాలుగు వారాలూ వదిలేశాడు. బాబాయికి గవర్నమెంటు ఉద్యోగం, మా నాన్నది చిల్లర కొట్టు. ఆయన యూనిఫాం చూస్తే మా నాన్నకి అన్నం సహించేది కాదు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. హాల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం ఫలితం చెప్పారు. ఉద్యోగం అక్కకి. మాస్టారు నన్ను పక్కకి పిలిచి "నువ్వు రాసింది నిజమే అయ్యుంటుంది. కానీ రుజువు పెట్టెలో లేదు, నీలో ఉంది. దాన్ని పట్టుకుని ఉద్యోగం ఇవ్వలేం" అన్నారు. మామయ్య నా నెత్తి మీద చెయ్యి వేసి "సోమవారం తొమ్మిదింటికి వచ్చేయ్" అన్నాడు, మెల్లగానే. ఆ గుయ్‌మనే యంత్రం పక్కన, ఆ అరల మధ్య, రేపటినుంచీ అక్క తిరుగుతుంది. నేను గచ్చుకి ఏ రంగు నప్పుతుందో చెప్తూ ఉంటాను. అక్క మీద ఇంత అసూయ నాకు ఎప్పుడూ కలగలేదు.

బయట మెట్ల మీద కూర్చున్నాను. అక్క వచ్చి ఒక మెట్టు కింద కూర్చుంది. నియామకపు కాగితం మడతపెట్టి చేతిలోనే ఉంది.

"ఒకటి చెప్తే తిట్టవు కదా," అంది.

"తిడతాను. చెప్పు."

"ఆ పేజీలు... నేను అన్నేసి రాయలేదే. మొదటి ఏడాది ఒక్క ముక్క కూడా కుదర్లేదు. రెండొందల ఉత్తరాలు ముందేసుకుని బిక్కమొహం వేసుకుని కూర్చునేదాన్ని. నువ్వు శనివారం శనివారం అడిగేదానివి. నీ దగ్గర లోకువైపోతానని నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని. నీ చుక్కల కాగితం చూశాక ఇంకా పెంచాను. నూట ముప్పై కాదు. మొత్తం రాసిందే ఆ నలభై ఎనిమిది."

నేను దాని మొహంలోకి చూశాను. అది ఏడుస్తోంది. పదకొండు రోజుల పెద్దది, బంగారం, ముక్కు ఎర్రగా చేసుకుని చిన్నపిల్లలా ఏడుస్తోంది. ఓదార్చాలని నాకూ తెలుసు. సంచిలోంచి నోట్సు తీసి, వెనక్కి తిప్పి, పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాను.

"మొదటి శనివారం పన్నెండన్నావు," అన్నాను. "నిజంగా ఎన్ని?"